ఆరో ఓటు

మిల్వాకీలో ఒక పెరట్లో సాసేజ్‌లు కాలుతున్నాయి. అసలు ఆటగాళ్ళ స్కోర్లను బట్టి ఫోన్లో ఊహా బేస్‌బాల్ జట్లు నడిపే బావాబామ్మర్దులిద్దరూ పొయ్యి దగ్గర నిలబడ్డారు.

"సిగ్గులేదూ బావా? నీ జట్టు అట్టడుగునుంటే, నీ స్టార్ బ్యాటర్ని నా మీద పోటీకొచ్చే డ్వేన్‌గాడికిచ్చేస్తావా?"

"వచ్చే ఏడాదికి అట్టిపెట్టుకోడానికి మంచి కుర్ర పిచర్నిచ్చాడు మరి."

"నన్నడగొచ్చుగా!"

"అడిగాను. నీ కుర్రాణ్ణి ఇవ్వనన్నావు."

"ఇది పట్టపగటి దోపిడీ! మన లీగు పదిమందిలో ఆరుగురు ఈ బేరానికి ఎలా ఒప్పుకున్నారసలు? ఎవరా గుడ్డి వెధవలు?"

"ఒప్పుకుంది ఐదుగురే."

"మరి ఆరో ఓటెవడిది?"

"గడువులోగా వద్దననివాడు ఔనన్నట్టే లెక్క. నువ్వేమో ఆ రోజు ఫోనాపేసి చేపలు పడుతున్నావు."

"ఏ దద్దమ్మ పెట్టాడా రూలు?"

"పోయినేడు నీ బేరం గట్టెక్కాలని నువ్వే పట్టుబట్టి పెట్టించావు."