రోజుకు రెండు గంటలు

రోజుకు రెండు గంటలు చదవాలట, బాబాయ్! అనడానికేం, ఎవరైనా అంటారు. రెండు గంటలు ఎక్కణ్ణుంచి తేను? మా అమ్మాయి రంగురంగుల స్కెచ్ పెన్నులతో టైమ్ టేబుల్ గీసి ఫ్రిజ్ తలుపుకి అంటించింది. పొద్దున ఆరు నుంచి ఏడు దాకా చదవడం, ఆకుపచ్చ. సాయంత్రం ఏడు నుంచి ఎనిమిది దాకా వినడం, ఎరుపు. ఆదివారం మధ్యాహ్నం రాయడం, నీలం. పద్నాలుగేళ్ల పిల్ల, దానికేం తెలుసు? పొద్దున ఆరింటికి వాళ్లమ్మ ఎక్కడుంటుంది? బస్సులో ఒంటికాలి మీద. సాయంత్రం ఏడింటికి? వంటింట్లో. ఎనిమిదింటికి? కూర్చున్నచోటే తల వాల్చేసి.

ఇటు తిరగండి. ఆ... మెల్లిగా. నాలుగైంది, మిమ్మల్ని పక్కకి తిప్పాలి. ఎడం చెయ్యి కింద దిండు పెడుతున్నా. గొంతులో గొట్టం లాగుతోందా? రెండుసార్లు కళ్లు ఆర్పారు. లేదన్నమాట. ఒకసారి ఆర్పితే అవును, రెండుసార్లయితే కాదు. నెలన్నరగా మనిద్దరి భాష ఇదేగా. ఎంత సుఖమైన భాష! దీనికి పరీక్ష పెడితే నేనే ఫస్టు.

నవ్వరేం? మొన్నటిదాకా నా మాటలకి కళ్లతో నవ్వేవారు.

సరే, వదిలేయండి. ఏం చెబుతున్నాను? ఆ, రెండు గంటలు. పదిహేడేళ్లు, బాబాయ్, నర్సు పని మొదలెట్టి. నేను సూది గుచ్చితే చిన్నపిల్లలు కూడా 'అప్పుడే అయిపోయిందా' అని అడుగుతారు. అలాంటిదాన్ని పట్టుకుని, లైసెన్సు మళ్లీ ఇవ్వాలంటే ఇంగ్లీషు పరీక్ష పాసవ్వాలన్నారు. చదవడం, రాయడం, వినడం, మాట్లాడటం, నాలుగూ గట్టెక్కాలి. పోయినసారి మూడు గట్టెక్కాను. వినడంలో అర మార్కు తక్కువైంది. అర! ఇప్పుడు వచ్చే నెల పద్దెనిమిదిన ఆఖరి అవకాశం. అదీ పోతే లైసెన్సు పోతుంది. లైసెన్సు పోతే ఇదే వార్డులో నేలలు తుడవడానికైనా పెట్టుకుంటారో లేదో. ఇంట్లో నేనూ నా కూతురూ తప్ప మూడో మనిషి లేదు.

భయం వేయదూ? మీరే చెప్పండి.

అందుకే ఏం చేశానంటే... మీకు తెలుసుగా ఏం చేశానో. అమ్మాయి టైమ్ టేబుల్ పక్కన పెట్టి, మీ మంచానికి వేలాడే చార్టు ముందేసుకున్నాను. రెండు గంటలకోసారి మిమ్మల్ని తిప్పాలి, ప్రతిసారీ టైము వేసి సంతకం పెట్టాలి. ఎనిమిది, పది, పన్నెండు, రెండు, నాలుగు. నా రోజంతా ఆ చార్టులోనే ఉంది. ఇంట్లో దొరకని రెండు గంటలు ఇక్కడ పది నిమిషాలు, అక్కడ పావుగంట ఏరుకుంటే దొరకవా అనుకున్నాను. మందుల డబ్బాల్లో ఉండే కాగితాలు చదవడం, అది రీడింగు. మిమ్మల్ని తిప్పేటప్పుడు మీతో ఇంగ్లీషులో మాట్లాడటం, అది స్పీకింగు. ఫైల్లో రాసేదే రైటింగు. దుప్పట్లు మడతపెట్టేటప్పుడు చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని వినడం.

'మీరు చూసిన ఒక అందమైన చోటు గురించి రెండు నిమిషాలు చెప్పండి' అని ప్రశ్న. నేనేం చూశాను, బాబాయ్, అందమైన చోటు? మన దుప్పట్ల గది గురించి ఇంగ్లీషులో చెప్పి, మీకోసం మళ్లీ తెలుగులోనూ చెప్పాను. ఉతికిన వాసన, వరసగా అరలు, లోపల గడియపెట్టుకుంటే ఎవరూ పిలవరు! ఆరోజు మీ కళ్లల్లోంచి నీళ్లు కారేదాకా నవ్వారు. నవ్వితే దగ్గొచ్చింది, గొట్టం శుభ్రం చేయాల్సొచ్చింది. మీరు జీవితమంతా మిషను కుట్టిన మనిషి, మీకూ ఇంగ్లీషు రాదు. అందుకే మీ ముందు నా నోటికి అంత ధారాళంగా వచ్చేది. పైగా తిరిగి ఒక్క మాట అనరు.

తిరిగి ఒక్క మాట అనరు.

ఏమిటి, నా చెవి వైపు అలా చూస్తారు? లేదు. చూడండి, ఇదిగో, జుట్టు వెనక్కి తీశాను. రెండు చెవులూ ఖాళీ. ఆ దిక్కుమాలిన ఇయర్‌ఫోను మొన్నే బ్యాగులో అడుక్కి తోసేశాను. మొన్నటి నుంచి గదిలోకి అడుగు పెట్టగానే మీ చూపు నా మొహం మీద పడదు, తిన్నగా చెవి మీద పడుతుంది. నేను గమనించలేదనుకున్నారా?

పొద్దున పెద్ద డాక్టరుగారు చెప్పింది విన్నారుగా. రేపు పదింటికి మీ గొట్టానికి చిన్న మూత బిగిస్తారు. గాలి పైకి మళ్లుతుంది, గొంతు పలుకుతుంది. నెలన్నర తర్వాత మీ మాట! పిన్నిగారు ఆ మాట వినగానే కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చారు. వార్డంతా సంబరపడింది. నేనూ చప్పట్లు కొట్టాను. కొట్టానా లేదా? కొట్టి, తిన్నగా దుప్పట్ల గదిలోకి వెళ్లి, గడియపెట్టుకుని, నేలమీద కూలబడ్డాను.

రేపు పదింటికి మీరు మొట్టమొదట ఏం చెబుతారు?

కళ్లు మూసుకోకండి. నన్ను అడగనివ్వండి. ఇందుకే వచ్చాను. తిప్పడం ఒక వంక.

మొన్న మధ్యాహ్నం సంగతి మీ ఫైల్లో ఇలా ఉంది. 'మూడూ పదికి అలారం మోగింది. వెంటనే కఫం తీయడమైనది. రోగి క్షేమం.' నా చేతిరాతే. కింద నా సంతకం. డాక్టరుగారు చదివి 'శభాష్, సిస్టర్' అన్నారు. పెద్ద సిస్టరు నా భుజం తట్టింది. పిన్నిగారైతే నా రెండు చేతులూ పట్టుకుని 'నువ్వు లేకపోతే ఈయన నాకు దక్కేవారా తల్లీ' అన్నారు. అని ఊరుకున్నారా? నా యూనిఫాం భుజం దగ్గర కుట్టు ఊడటం చూసి, సంచీలోంచి సూదీ దారం తీసి, ఆ కుర్చీలోనే కూర్చోబెట్టి కుట్టేశారు. మీరు చూస్తూనే ఉన్నారు. ఆవిడ పళ్లతో దారం తెంపుతుంటే ఆవిడ తల నా చెంపకి తగిలింది. అప్పుడే చచ్చిపోతే బావుండుననిపించింది.

వెంటనే కాదు కదా, బాబాయ్. మనిద్దరికీ తెలుసు.

అదిగో ఆ మూల బల్ల దగ్గర నిలబడి దుప్పట్లు మడతపెడుతున్నాను. మీకు వీపు పెట్టి. కుడి చెవిలో ఇయర్‌ఫోను. ఎవరో ఆడమనిషి లైబ్రరీలో సభ్యత్వం గురించి చెబుతోంది. పరీక్షలో రికార్డింగు ఒక్కసారే వినిపిస్తారు. మధ్యలో ఆపడం కుదరదు, వెనక్కి పోవడం కుదరదు. అందుకని ప్రాక్టీసులో కూడా ఏం జరిగినా ఆపకూడదని ఒట్టు పెట్టుకున్నాను. ఆ ఒట్టే కొంప ముంచింది. దుప్పటి మడత మీద చిన్న కాగితం, పెన్సిలు. ఏడో ప్రశ్న, ఎనిమిదో ప్రశ్న...

నిన్నంతా నాకు నేనే చెప్పుకున్నాను, చెవిలో అది ఉంది కదా, అలారం వినపడలేదు అని. రాత్రి మా అమ్మాయికీ అలాగే చెప్పాను. 'పోనీలే అమ్మా, వినపడకపోతే నువ్వేం చేస్తావు' అంది పిచ్చిది.

వినపడింది బాబాయ్.

అలారం మోగడం విన్నాను. మీ వేలికి పెట్టిన ఆక్సిజన్ క్లిప్పు జారినా అదే చప్పుడు, రోజుకి పదిసార్లు జారుతుంది. మళ్లీ జారినట్టుంది అనుకున్నాను. ఇంకా నాలుగే ప్రశ్నలు, అవగానే చూద్దాం, ఒక్క నిమిషం అనుకున్నాను. పదో ప్రశ్నకి జవాబు రాసి, పెన్సిలు కింద పెట్టి, అప్పుడు తిరిగాను. తిరిగేసరికి మీ పెదాలు నీలం. కళ్లు ఇంతింత చేసుకుని నా వీపు వంకే చూస్తున్నారు. చెయ్యి లేవదు, అరుద్దామంటే గొంతు లేదు. ఎంతసేపటి నుంచి చూస్తున్నారో కూడా నాకు లెక్క తెలుసు. ఆ రికార్డింగులో ఏడు నుంచి పది దాకా నిమిషం నలభై సెకన్లు.

ఆ నాలుగు జవాబులూ కరెక్టే. ఇంటికెళ్లి సరిచూసుకున్నాను. చూడండి నా బుద్ధి! సరిచూసుకున్నాను. ఇన్నాళ్లలో నాలుగుకి నాలుగు రావడం అదే మొదటిసారి.

అందుకని... ఏం అడగాలనుకున్నానంటే... రేపు మాట వచ్చాక, ఆ సంగతి ఎత్తకండి బాబాయ్. ఒక్క నెల. పద్దెనిమిది దాటేదాకా. మీ కూతురులాంటిదాన్ననుకోండి. నా పిల్ల మొహం చూసైనా...

ఊఁ, అవునా కాదా? ఆర్పండి. ఒక్కసారి ఆర్పితే చాలు.

సరే, ఆలోచించుకోండి. నేను ఒత్తిడి చేయను. ఈలోపు ఆ ఖాళీ మంచం మీద దుప్పటి మడతపెట్టేస్తాను, మీరు నింపాదిగా...

ఆ చప్పుడేమిటి?

గుండె చప్పుడు. మీదే. మిషను అంత తొందరగా కొట్టుకుంటోందేం? ఇందాక డెబ్బై ఎనిమిది ఉంది. ఇప్పుడు నూట నాలుగు! నొప్పా? రెండుసార్లు. మరి ఊపిరి ఆడటం లేదా? ఆడుతోంది. ఇదిగో, తగ్గుతోంది కూడా. తొంభై. ఎనభై రెండు. ఏమీ చేయకుండానే తగ్గిందే. బావుంది. మరైతే ఈ దుప్పటి...

మళ్లీ పెరిగింది.

బాబాయ్, నేను అటు తిరిగితే పెరుగుతోందా?

ఒకసారి.

అయ్యో... మొన్నటి నుంచి ఇంతేనా? నేను ఫైలు రాయడానికి తిరిగినా? కిటికీ తలుపు వేయడానికి వెళ్లినా? ప్రతిసారీనా? చెవుల్లో ఏమీ లేకుండా రెండు రోజులు ఇదే గదిలో తిరుగుతూ ఆ చప్పుడు నాకు వినపడలేదా? రేపు మీరు నోరు తెరుస్తారని నేను వణికి చస్తున్నాను. మీరేమో నేను వీపు తిప్పుతానని వణుకుతున్నారు. నాకు దుప్పట్ల గదైనా ఉంది, వెళ్లి దాక్కోవడానికి. మీరెక్కడికి పోతారు?

పైగా వచ్చి మిమ్మల్నే బతిమాలుతున్నాను. నెల్లాళ్లు నోరు మూసుకోమని, నోరే లేని మనిషిని.

ఏడవకండి. నేనూ ఏడవను. ఆగండి, కుర్చీ ఇటు లాక్కుంటాను, మీకు ఎదురుగా. ఇదిగో, ఇలా కూర్చున్నాను. ఫైలు ఒళ్లో పెట్టుకున్నాను. కనిపిస్తున్నానా? ఊఁ.

మా పనిలో తప్పు రాస్తే చెరపకూడదు, పేజీ చింపకూడదు. దాని మీద ఒకే ఒక గీత గీయాలి, కింద రాసింది కనపడేలా. పక్కన నిజం రాయాలి. సంతకం, తేదీ, టైము. చేరిన మొదటి వారంలోనే నేర్పుతారు. ఇంగ్లీషులోనే రాయాలి, చూశారా, ఇవాళ్టి రైటింగు ప్రాక్టీసు కూడా అయిపోతుంది.

'అలారం విన్నాను. నిమిషం నలభై సెకన్లు వెళ్లలేదు.' స్పెల్లింగులు తప్పుంటే ఉండనీ. అక్షరాలన్నీ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. చాలా భయంగా ఉంది బాబాయ్. మీరు సరేనన్నా నేను ఇదే రాసేదాన్నని గొప్పలు పోను. మీరు ఒక్కసారి ఆర్పి ఉంటే ఫైలు ముట్టుకునేదాన్ని కాదేమో.

రాసేశాను. నాలుగూ నలభై.

ఐదింటికి పిన్నిగారు వస్తారు. ఆవిడకి నేనే చెబుతాను, రేపటిదాకా ఆగను. ఈ భుజం మీద కుట్టు విప్పేయమంటారేమో! ఆ తర్వాత ఫైలు పెద్ద సిస్టరు చేతిలో పెడతాను. రేపటి నుంచి డ్యూటీకి రావద్దంటారు. అనకుండా ఎలా ఉంటారు?

అన్నారనుకోండి, అప్పుడు ఇంకేం? బస్సు లేదు, చార్టు లేదు, దుప్పట్లు లేవు. ఆకుపచ్చా, ఎరుపూ, నీలమూ, మా అమ్మాయి గీసిన గళ్లన్నీ ఖాళీయే. రోజుకు రెండు గంటలేం ఖర్మ, రోజంతా నాదే. కూర్చుని చదువుకుంటాను.