కొమురెల్లి చెక్కిన పులి

ఎవరు, కొమురెల్లా? ఆని ముచ్చట నీకెవరు చెప్పిండ్రు బిడ్డా? కూసో. వడ్ల పనోడు, కట్టె పని. నర్సంపేట అవతలి రైతులు సుత ఆడు చెక్కిన నాగలి కోసం మనూరికొచ్చేటోళ్లు. డెబ్బై మూడో, నాలుగో గని, హన్మకొండ నుంచి ఓ సారు జీపేసుకొని దిగిండు. జిల్లా మీద పుస్తకం రాస్తాండట. గుడి రాసుకున్నడు, జాతర రాసుకున్నడు, ఆఖరికి చెరువుల కొంగలను సుత రాసుకున్నడు. "పులి లేదా?" అన్నడు. లేదంటె మొఖం గింత జేసిండు. కొమురెల్లికి పానం ఆగలే. ఊరికొచ్చినోడు ఉత్త చేతులతోని పోతడా? చిన్నప్పుడు చూసిన గుర్తు మీద టేకు ముక్కకు పులి అడుగు చెక్కి, వాగు ఇసుకల గుద్దొచ్చిండు. సారు ఎగిరి గంతేసిండు. "ఆడపులి! నాలుగేండ్లుంటయ్!" అని అచ్చు తీసుకపోయిండు.

పుస్తకంల పులి పడ్డదో లేదో, జంగ్లాతోళ్లు దిగిండ్రు. పులున్న అడివిల కట్టె ముట్టొద్దట. కట్టె లేకపోతె వడ్లోడేం చెక్కాలె, ఆని నెత్తా? పెండ్లాం యాకమ్మ ఒక్కతీరుగ తిట్టుడు: "పులిని చేసినవు గద, ఇగ దాన్నే వండుక తిను!" ఏటా పులి లెక్కలోళ్లు వస్తాండ్రు, దొరికిపోతనని ఏటా ఈడు గుద్దుతాండు. ఓ ఏడు ఇసుగొచ్చి బంద్ పెట్టిండు. పులి పోయిందంటె అడివి ఇడిచిపెడ్తరని ఆశ. ఏడ ఇడుస్తరు? "పులిని ఎవడో చంపిండు" అని, గొడ్డలున్నోడు గదా అని, ఆన్నే లోపటేసిండ్రు. "సారూ, అది చెక్క" అని మొత్తుకుండు. "సర్కారు పుస్తకం అబద్ధమాడ్తదారా?" అన్నరు. యాకమ్మనే చెక్క పట్టుకపోయి వాగుల నాలుగడుగులు గుద్దింది. పులి బతికింది, మొగడు బయటికొచ్చిండు.

ఇగ అప్పటిసంది తప్పలే. దవాఖాన మంచం మీద సుత, "కాకా, వాగుల ఇసుక తేలిందా?" అని అడిగిండు నన్ను. ఇప్పుడు యాదికొచ్చినా ఏడుపొస్తది బిడ్డా, ఎంత పనిమంతుడు, ఎందుకు పనికొచ్చిండు! ఆ చెక్కను యాకమ్మ ఆనితోనే చితిల కాల్చేసింది. మరి పోయినేడు నేను చెక్కిన. నాకు పని రాకపాయె, చిన్నగొచ్చింది. సార్లు చూసి, పులికి పిల్ల పుట్టిందని మిఠాయి పంచిండ్రు. నేను సుత రెండు లడ్లు తిన్న. రేపు మల్ల వస్తాండ్రట. ఊర్లె గొడ్డలున్నోన్ని ఇప్పుడు నేనేనాయె. జర ఆ అటక మీది సంచి అందుకో.