ఇనుము ఎక్కిన మధ్యాహ్నం

ఆస్పత్రిలో సెలైన్లు పెట్టే గది. వాలుకుర్చీలో, చేపల కొట్టులో బిల్లులు కొట్టే కోడలు. పక్కన స్టూలు అంచున, దేనికీ ఆనకుండా అత్తగారు. మధ్యమధ్య వచ్చిపోయే నర్సు.

"...అది మందా? ఛీ! పాతింట్లో ఉన్నప్పుడు ఎప్పుడైనా ఊరెళ్ళొచ్చి కుళాయి తిప్పితే అచ్చం ఇలాంటి నీళ్ళే వచ్చేవి."

"ఇనుమే కదండీ, ఆ రంగే ఉంటుంది. చెయ్యి కదపకండమ్మా. సూది పక్కన మంటగాని, దురదగాని అనిపిస్తే వెంటనే నన్ను పిలవాలి. మందు నరం బయటికి కారితే చర్మం కింద మచ్చ పడిపోతుంది."

"మచ్చా? కడిగితే పోదా సిస్టరమ్మా?"

"కడిగితే ఎలా పోతుందండీ, లోపల కదా! కొందరికి అసలు పోదు."

"విన్నావా అమ్మాయ్? చెయ్యి కదపకు."

"కదపడం లేదత్తయ్యా."

"ఆ వేళ్ళు ఆడిస్తున్నావుగా!"

"ఊపిరి కూడా ఆపమంటారా?"

"ఆపకు. అసలే నీకది తక్కువ. సిస్టరమ్మా, ఈ కుర్చీ తుడుస్తారా మీరు? ఒక మనిషి లేవగానే?"

"తుడుస్తామండీ."

"ఏం తుడిచారు? ఇదిగో, ఇక్కడ వెంట్రుక ఉంది. తెల్ల వెంట్రుక. మా కోడలికి ఇంకా నెరవలేదు."

"అత్తయ్యా!"

"ఉన్నమాటే అన్నాను. ఛీ, ఎవరిదో ఏమో."

"ఇప్పుడే వస్తానండీ. ఏమన్నా ఉంటే ఆ బెల్లు నొక్కండి."

"వెళ్ళిపోయింది. కోపం వచ్చినట్టుంది. రానీ. నువ్వేంటి, మూతి అలా పెట్టావు?"

"నోట్లో ఏదోలా ఉంది. పాత తాళంచెవి చప్పరిస్తున్నట్టు. సూది చేతికి గుచ్చితే రుచి నాలుక్కెలా వచ్చిందో!"

"ఉమ్మెయ్."

"ఉమ్మితే పోయేది కాదు. కాస్త ఐసుంటే బావుణ్ణు."

"మళ్ళీ ఐసు! ఫ్రిజ్‌లో ట్రేలు ట్రేలు ఖాళీ చేస్తున్నావు. కరకర, కరకర. నువ్వు చాలనట్టు పాపకి కూడా నేర్పావు. నిన్న దాని పాలగ్లాసులో ఐసుముక్కలు."

"డాక్టరమ్మ చెప్పిందిగా అత్తయ్యా, ఒంట్లో ఇనుము తక్కువైతే కొందరికి అలా నోరు పీకుతుందట. కొందరు మట్టి తింటారట, సుద్దముక్కలు తింటారట. నాకు ఐసు."

"గర్భసంచిలో గడ్డ ఉంటే రక్తం పోతుందన్నారు, సరే. ఆ గడ్డ తీయాలంటే ముందు రక్తం పెరగాలన్నారు, అదీ సరే. మధ్యలో ఈ నమలడమేంటో నాకర్థం కాదు. పోనీలే. మట్టి కంటే నయం. ఐసు శుభ్రమైంది."

"ఊఁ."

"ఏంటలా చూస్తావ్?"

"ఏం లేదు."

"ఏం లేదంటే ఏదో ఉంది."

"ఇంట్లో అయితే ట్రేలు. కొట్లో ట్రేలుండవు కదత్తయ్యా."

"ఉండవు. అయితే?"

"పెట్టెలుంటాయి."

"ఏం పెట్టెలు? అమ్మాయ్, ఏం పెట్టెలు?"

"చేపలవి."

"చేపల మీద పోసిన ఐసా!"

"పైపైది. అడుగుది కాదు."

"ఛీ! ఛీఛీఛీ! పైపైదట! అడుగుది కాదట!"

"మొదట్లో కడుక్కునేదాన్ని. కడిగితే కరిగిపోయేది. తర్వాత కడగడం మానేశాను."

"చెప్పకు. ఇంక చెప్పకు."

"పొలుసు తగిలితే ఉమ్మేసేదాన్ని."

"చెప్పకన్నానా! అదే నోటితో ఇంటికొచ్చి పాపని ముద్దు పెట్టుకున్నావా?"

"పెట్టుకున్నాను. నాకు మాత్రం అసహ్యం వెయ్యలేదా అంటారేమో. వెయ్యలేదత్తయ్యా. నిజంగా వెయ్యలేదు. చేప నోరు తెరుచుకుని నన్నే చూస్తున్నా, దాని దవడ పక్కనుంచే వేళ్ళతో తీసి నోట్లో వేసుకునేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే..."

"తలుచుకోకు మరి!"

"అత్తయ్యా."

"మళ్ళీ ఏంటి?"

"వాంతొస్తోంది."

"సిస్టర్! సిస్టరమ్మా! బెల్లేదీ? ఆగు, ఆగు, ఇదిగో ఈ గిన్నె. ఎవరు కక్కిన గిన్నో ఏమో! సరే, కక్కు. కక్కమ్మా. తల పట్టుకున్నాలే, కక్కు. చెయ్యి కదపకు! మచ్చ పడుతుంది!"

"మీ... మీ చెప్పు మీద..."

"పడితే పడింది. చెప్పే కదా. ఏం కంపురా నాయనా! నిన్ను కాదులే, నువ్వు కక్కు. అయిందా? ఇంకా ఉందా?"

"కాస్త జరగండి పెద్దమ్మగారూ. మందు ఆపేశాను. ఏమ్మా, ఛాతీ పట్టేసినట్టుందా? ఊపిరి ఆడుతోందా?"

"ఆడుతోంది సిస్టర్. మొహం వేడిగా ఉంది, అంతే."

"దద్దుర్లు కూడా లేవు. బీపీ బాగానే ఉంది. కొందరికిలా అవుతుంది, కంగారు లేదు. కాసేపాగి, నెమ్మదిగా మళ్ళీ మొదలుపెడదాం."

"మొహం ఎర్రబడింది చూడండి సిస్టరమ్మా. నేను చూడగా ఈ మొహంలో ఎరుపు ఇదే మొదటిసారి."

"ఎలా ఉంటుందండీ ఎరుపు? రక్తం అంతగా తగ్గిపోయేదాకా ఆగకుండా ఉండాల్సింది. మొదట ఇచ్చిన తేదీకే వచ్చుంటే ఆపరేషన్ కూడా ఈపాటికి అయిపోయేది."

"రావాలనే అనుకున్నాం సిస్టర్. మీ దగ్గరే మందు అయిపోయిందన్నారు కదా, రెండుసార్లు."

"ఎవరన్నారు?"

"మీరే. ఆస్పత్రివాళ్ళు ఇంటికి ఫోన్ చేశారని మావారు చెప్పారు."

"మందు అయిపోవడమేంటండీ? అల్మరా నిండా ఉంటేను! ఇక్కడ తేదీలిచ్చేదీ నేనే, ఫోనెత్తేదీ నేనే. రెండుసార్లూ మీ ఇంటినుంచే చేసి వద్దన్నారు. మగాయన. మొదటిసారి 'ఇంట్లో పనుంది, తర్వాత చూద్దాం' అన్నారు. రెండోసారి నేనే గట్టిగా చెప్పాను, చాలా తక్కువుందండీ, ప్రమాదమండీ అని. 'బాగానే తిరుగుతోంది, ఆడవాళ్ళందరికీ ఉండేదేగా' అని పెట్టేశారు."

"ఏ మగాయన? ఎవరో ఏంటో సరిగ్గా విన్నారా సిస్టరమ్మా?"

"ఆవిడ భర్తనే అని చెప్పారండీ. ఈసారి మీరు నేరుగా వెంటబెట్టుకుని వచ్చారు కాబట్టి సరిపోయింది. నేనేమైనా అనకూడనిది అన్నానా?"

"లేదు సిస్టర్. మీరేం అనలేదు."

"ఈ గిన్నె కడగమని ఇచ్చి వస్తాను."

"అమ్మాయ్."

"ఊఁ."

"వాడికి... వాడికి తెలీక..."

"ప్రమాదమని చెప్పానంది కదా ఆవిడ."

"చెప్పానంది."

"మొదటి తేదీ ఎప్పుడో గుర్తుందా మీకు?"

"నాకెక్కడ గుర్తుంటుంది!"

"మీ అబ్బాయి ఆఫీసువాళ్ళు భోజనాలకొచ్చిన రోజు."

"ఆ రోజా?"

"ఆ రోజే. పొయ్యిగట్టు పట్టుకుని నిలబడి అంతమందికీ వండాను. వడ్డిస్తూ వడ్డిస్తూ గుమ్మం దగ్గర కూలబడితే ఏమన్నారు?"

"ఏదో అన్నాడు."

"ఏమన్నారు?"

"గుర్తులేదమ్మా."

"గుర్తుంది మీకు."

"'మా ఆవిడ బ్యాటరీ అయిపోయింది, చార్జింగ్ పెట్టాలి' అన్నాడు."

"అందరూ నవ్వారు."

"నవ్వారు."

"కింద కూర్చునే నేనూ నవ్వాను. ఛీ. నేనెందుకు నవ్వానత్తయ్యా?"

"నలుగురిలో ఏం చేస్తావు మరి."

"రెండోది ఆయన స్నేహితులతో సముద్రానికి వెళ్ళినప్పుడు. పాపని స్కూలుకి పంపాలి, మీకు మోకాళ్ళ నొప్పి, ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి కదా. వెళ్తూ వెళ్తూ నా తల నిమిరారు. 'పాపం, మళ్ళీ మందు రాలేదట, ఏం చేస్తాం' అన్నారు."

"తల నిమిరాడా?"

"నిమిరారు. జాలిగా. నాకు కళ్ళు చెమర్చాయి కూడా. ఇప్పుడా చెయ్యి తలుచుకుంటే..."

"తలుచుకుంటే?"

"చేపల ఐసు నయం."

"అమ్మా, ఇప్పుడెలా ఉంది? మళ్ళీ మొదలుపెట్టనా? ఈసారి చుక్కచుక్కగా పెడతాను. ఆలస్యమవుతుంది, పర్లేదా?"

"పెట్టండి సిస్టర్. ఎంతాలస్యమైనా పర్లేదు. సీసా ఖాళీ అయ్యేదాకా నేను లేవను."

"నీళ్ళు కావాలంటే బయట ఉన్నాయి పెద్దమ్మగారూ. మీరూ కాస్త తాగండి, మొహం వాడిపోయింది."

"నాకేం వద్దమ్మా. మీరెళ్ళండి."

"అత్తయ్యా, ఒకటి చెప్తాను. అరవకూడదు."

"ముందు చెప్పు."

"ఇన్నాళ్ళూ నాకు అసహ్యపడటానికి కూడా ఓపిక లేదు. ఆయన గోళ్ళు కత్తిరించుకుని నా దిండు పక్కనే పోసేవారు. దులిపేసేదాన్ని. స్నానాల గదిలో నేను పడిపోయినప్పుడు, మీరొచ్చి లేపేలోపల, గుమ్మంలో నిలబడి ఏమన్నారో తెలుసా? 'ముందు ఆ రక్తం కడుగు, నాకు ఆఫీసుకి టైమవుతోంది' అన్నారు. నేను కడిగాను. కూర్చునే కడిగాను."

"నాతో చెప్పలేదే!"

"చెప్పడానికీ ఓపిక కావాలిగా. ఈ మందు ఒంటికి పట్టడానికి కొన్ని వారాలు పడుతుందట. తర్వాత ఆపరేషన్. బట్టలపెట్టె మోసుకుని మెట్లు దిగగలిగిన రోజున, పాపని తీసుకుని వెళ్ళిపోతాను."

"ఎక్కడికి?"

"మా కొట్టు మీద గది ఒకటి ఖాళీగా ఉంది. ఓనరమ్మ ఇస్తానంది."

"అంటే ఈ ఫోన్ల సంగతి తెలియకముందే అడిగి పెట్టుకున్నావు."

"తెలియకముందే."

"కొట్టు మీదంటే చేపల కంపు కదా!"

"కంపే. గోడలకి పట్టేసింది. కిటికీ తీసినా పోదు."

"బాత్రూమ్?"

"కింద. కొట్లో పనిచేసేవాళ్ళందరికీ అదొక్కటే."

"ఛీ! అందులో పిల్లని పెట్టుకుని ఉంటావా?"

"ఉంటాను. అరవండత్తయ్యా. అరవరేం?"

"అరవద్దన్నావుగా."

"అంటే మాత్రం మీరు ఆగే మనిషా?"

"ఉండు, ఫోన్ మోగుతోంది. వాడే."

"ఎత్తకండి. ఇప్పుడొద్దు."

"నువ్వు చెయ్యి కదపకు. ఆఁ, చెప్పరా. ఎక్కుతోంది. సగమైంది. వాంతయింది. ఆఁ, వాంతి. నువ్వు 'ఛీ' అనక్కర్లేదు, పట్టింది నేను. ఏంటి? రాత్రికి ఏం వండుతుందా? మందు అయిపోయిందని ఆస్పత్రివాళ్ళు నీకు ఫోన్ చేశారా, నువ్వు వాళ్ళకి చేశావా? అది చెప్పు ముందు. నీళ్ళు నమలకు. చేశావా, లేదా? సరే. చాలు. ఇంక నాకు వినడానికి రోతగా ఉంది. కోడలు ఏడుస్తోందా అంటావా? లేదు, నన్నే చూస్తోంది. నేనూ ఏడవడం లేదు. విను. మీ నాన్న పోతూ మనముంటున్న ఇల్లు ఎవరికిచ్చి పోయాడో గుర్తుందా? నాకు. అందులో నేనుంటాను, నా కోడలుంటుంది, నా మనవరాలుంటుంది. చేపల కొట్టు మీద గది ఒకటి ఖాళీగా ఉందట. కంపు గోడలకి పట్టేసిందట, కిటికీ తీసినా పోదట. మేం ఇంటికొచ్చేలోపు నీ సామాను అక్కడికి చేర్చుకో."