వేలి మీద సిరా

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే బస్సులో అన్నాచెల్లెళ్లు పక్కపక్కన కూర్చున్నారు. అన్న ఒళ్లో సబ్బు, నీళ్ల సీసా ఉన్న సంచి. పన్నెండేళ్లుగా చెల్లెలు ఏది ముట్టుకున్నా గంటసేపు చేతులు కడుక్కుంటుంది. మందులేవీ పనిచేయలేదు, ఇక మెదడుకు ఆపరేషనే దారి అన్నారు డాక్టర్లు.

"ఇంటికి పెద్దోన్ని. నేను పెట్టిన సంతకం చెల్లదని ఆ మానసిక ఆరోగ్య బోర్డోళ్లు కాగితం తిప్పి పంపుతారా?"

"మెదడు నాది కదన్నా. ఆపరేషన్‌కు నేనే ఒప్పుకోవాలంట. అందుకే నిన్ను బయటికి పంపి నన్ను అడిగినారు."

"ఏమడిగినారు?"

"తలలోకి తీగ ఎట్ల పెడతారో చెప్పమన్యారు. చెప్పినా. చెడిపోతే ఏమైతాదని నేనే వాళ్లను తిరిగి అడిగినా. కడాకు, మీ ఇంట్లోవాళ్లు బలవంతం చేస్తాండారా అన్యారు."

"ఏం చెప్పినావ్?"

అన్న గొంతు ఇంతగా తగ్గడం ఆమె ఎప్పుడూ వినలేదు.

"మా అన్న తొందరపడినాడు గానీ, ఇది కావాల్సింది నాకే అని చెప్పినా. ఆపరేషన్ రోజు కూడా వద్దనొచ్చంట. అది విన్నాకే సంతకం పెట్టినా, ఆడున్న మేడం పెన్నుతో."

"పరాయోళ్ల పెన్ను ముట్టుకున్యావా!"

"ముట్టుకున్యా. ఇంటిపేరుతో సహా రాసినా."

అతను గబగబా సంచిలోంచి సీసా తీసి మూత విప్పాడు. ఆమె వేలికంటిన సిరాను చూసుకుంది.

"ఉండనీ అన్నా. ఇంటికి పోయి అమ్మకు చూపించినాక కడుక్కుంటా."