రాతిబావిలోంచి రెండు కేకలు

ఇటు జరగండర్రా, దోమలు కుడితే కుట్టనీండి, దగ్గరికి రండి. చిలకల గుట్ట మీద రాతిబావి ఉందే, పొద్దున్నే నడవడానికొచ్చే పెద్దమనుషులు కూడా మొహం పక్కకి తిప్పుకుని దాటిపోతారే, ఆ బావి సంగతి చెబుతున్నాను. నిజానికి అది బావి కాదు. ఎప్పుడో ఎవరో రాళ్ళు కొట్టి పట్టుకుపోగా మిగిలిన గొయ్యి, దాన్లో నీళ్ళూరి పాచిపట్టింది. తర్వాత గుట్ట చుట్టూ మేడలు లేచాయి, పైకి మెట్లు కట్టారు, సిమెంటు బల్లలేశారు, పిల్లలకి జారుడుబండ, పెద్దలకి చల్లగాలి, కింద బఠాణీల బండి, అన్నీ వచ్చాయి. సందెవేళ ఆ బావి దగ్గరికి మాత్రం ఎవరూ రారు. ఎందుకు రారో తెలుసా?

గుట్ట కింద కోటిరత్నం, బంగారి అని ఇద్దరుండేవాళ్ళు. గోడకి గోడ ఇళ్ళు. సీతాఫలాల కాలంలో గుట్టంతా గాలించి కాయలు కోసి, మెట్ల దగ్గర గంపలు పెట్టుకుని అమ్మేవాళ్ళు. ఒకనాడు బంగారి, కొనడానికొచ్చిన వాళ్ళ ముందే, రత్నం కాయలు పైకి బాగుంటాయి గానీ లోపలన్నీ బొగ్గేనండీ అనేసింది. కోటిరత్నం ఊరుకునే మనిషా? నీ కాయలు మగ్గవు గానీ నీ నోరు మాత్రం బాగా మగ్గిందే అంది. జనం నవ్వారు. నవ్వు ఎవరి మీదో తెలియక ఇద్దరూ మండిపోయారు.

ఆ సాయంత్రమే మర్నాటి కాయల కోసం ఎడమొహం పెడమొహంగా గుట్టెక్కారు. బంగారి బావి మీదకి వంగిన చెట్టు వైపు వెళ్ళింది, కోటిరత్నం పైన బండల్లోకి వెళ్ళింది. దీపాలు పెట్టేవేళకి కింద నుంచి, ఒసే రత్నం, అని కేక వచ్చింది. కాసేపటికి మళ్ళీ, ఒసే రత్నం, అని. ఈసారి గొంతులో నీళ్ళున్నాయి.

మన ఊళ్ళో ఉగ్గుపాలతో నేర్పుతారు కదా, దెయ్యం రెండుసార్లే పిలవగలదు, సందెవేళ ఎవరు పిలిచినా మూడో పిలుపుకి గానీ పలకకూడదని. కోటిరత్నం పలకలేదు. గంప చంకనెత్తుకుని నిలబడింది. మూడో పిలుపు రాలేదు. దిగి ఇంటికొచ్చి పొయ్యి ముట్టించింది.

తెల్లారి బంగారి నీళ్ళలో తేలింది. కోటిరత్నం జరిగింది చెబితే ఊరంతా మెచ్చుకుంది. మంచిపని చేశావమ్మా, పలికుంటే ఆ బావి దెయ్యం నిన్నూ లాగేసేది అన్నారు. ఒకావిడైతే గుండె ధైర్యం గల మనిషివని పొగిడి, బేరమాడకుండా గంపెడు కాయలు కొనుక్కుపోయింది. ఆ పొగడ్తలే కోటిరత్నానికి అన్నం దిగనివ్వలేదు. ఎందుకంటే మొదటి కేకకే ఆ గొంతు గుర్తుపట్టింది. జర్దా నమిలి నమిలి గీరుకుపోయిన గొంతు, గోడవతల నుంచి ఇన్నేళ్ళుగా వింటున్న గొంతు, దెయ్యానికెక్కడిది? గుర్తుపట్టి, పడి ఉండవే కాసేపు, పొగరు దిగుతుంది అనుకుంది. అదీ సంగతి. మూడో పిలుపు మాట తర్వాత అడ్డం పెట్టుకుంది.

ఇక ఆనాటి నుంచి దీపాలవేళకి బావిలోంచి అదే గొంతు, ఒసే రత్నం, ఒసే రత్నం. నడకకొచ్చిన వాళ్ళు చెప్పులొదిలేసి పరుగెత్తేవాళ్ళు. చుట్టూ ఇనుప కంచె వేయించారు. దెయ్యానికి కంచె! ఎవరికి తోచిందో ఆ తెలివి!

బంగారి కూతురు గిరిజ అప్పటికి చిన్నపిల్ల, వేరే దిక్కులేదు, కోటిరత్నమే తెచ్చి పెట్టుకుంది. ఆ పిల్లకి జడ వేసేది గానీ మొహం చూసేది కాదు. పిల్లేమో పిన్నీ పిన్నీ అంటూ కొంగు వదిలేది కాదు. పెళ్ళీడుకొచ్చాక ఒకనాటి సాయంత్రం అంట్లు తోముతూ, రోజూ వినే ఆ పిలుపుకి ఇక ఆగలేకపోయింది. పిన్నీ, అమ్మ నిన్నే పిలుస్తోంది, నువ్వు పలకవు సరే, ఏం కావాలో నేనడిగొస్తా, అని బూడిద చేతుల్తోనే మెట్లెక్కింది. కోటిరత్నం ఆయాసపడుతూ వెనకాల పడి, పిల్ల కంచె దాటబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపింది. వదులు పిన్నీ, పిలిచేది మా అమ్మే కదా, నాకెందుకు భయం అంటోంది పిల్ల. ఇక దాచితే ఈ పిల్ల కూడా పోతుంది. అక్కడే నిలబడి, గొంతు గుర్తుపట్టిన సంగతీ మనసులో అనుకున్న మాటా అన్నీ చెప్పేసింది.

గిరిజ చెయ్యి విడిపించుకుంది. ఏడవలేదు, తిట్టలేదు.

"పిన్నీ, అమ్మ మూడోసారి పిలిచుంటే పలికేదానివా?" అని అడిగింది.

పలికేదాన్నని చెప్పడానికి కోటిరత్నం నోరు తెరిచింది. నోరు తెరిచే ఉంది, మాట రాలేదు. పిల్ల మెట్లు దిగిపోయింది, మళ్ళీ ఆ ఇంటి గడప తొక్కలేదు. ఆ సాయంత్రం నుంచి బావి కూడా పిలవలేదు. కోటిరత్నం ఒంట్లో ఓపికున్నన్నాళ్ళూ సందెవేళ కంచె పట్టుకుని నిలబడేది. బంగారి తిట్టనైనా తిడుతుందేమో అని చూసేది. అదీ లేదు.

కాబట్టి గుట్టెక్కండి, గాలి పీల్చండి, బఠాణీలు తినండి, ఎవరొద్దన్నారు? బావి వైపు మాత్రం పోకండి. కంచె తుప్పుపట్టింది. జారిపడితే కేకలు పెడతారు. విని కూడా గంప ఎత్తుకుని నిలబడేవాళ్ళు ఈ ఊళ్ళో చాలామందే ఉన్నారు.