కొడుకు ముందర చెప్పలేని నొప్పి

"అవ్వా, ఆ రోజు డాక్టరమ్మ గదిలోంచి మామయ్యను బయటికెందుకు పొమ్మన్నావు?"

అదా... ఎవురు చెప్పినారు నీకు? మీ అమ్మేనా? సరే, ఇట్ట దగ్గరికి జరుగు, గట్టిగా చెప్పే మాట కాదు.

నడుం నొప్పి నాకు కొత్తదా చెప్పు. మీ అమ్మ చంకలో ఉన్నప్పటి నుంచి, మీ తాత తెచ్చిన చేపలు గంపకెత్తుకొని సూళ్లూరుపేట దాకా మోసినా. గంపను చూస్తే బస్సోడు ఆపేవాడు కాదు, కంపంట వాడికి. అప్పట్లో రూపాయికి దోసిలి నిండా రొయ్యలు పోసేదాన్ని, ఇప్పుడు చెప్తే నవ్వుతారు.

ఆ... నొప్పి గదా. మీ తాత ఇసక వేయించి, గుడ్డలో మూటగట్టి కాపడం పెట్టేవాడు. ఆయన పోయినాక మందుల షాపు మాత్రలే దిక్కు. మింగితే నొప్పి తగ్గేది, కడుపు మండేది. ఎవురో మంచం దిగబాకు అన్నారు. నెల రోజులు పడుకున్నా. లేస్తే కాళ్లల్లో బలమే లేదు.

అదంతా పాత నొప్పి. పోయిన చలికాలం వచ్చింది వేరే. నీళ్ల బిందె ఎత్తినానా, నడుములో కటుక్కుమన్నది. మర్నాటికి... లేదు, రెండో నాటికి, కూర్చునే చోటంతా తిమ్మిరెక్కింది. గిల్లుకున్నా తెలీలా. ఆ పొద్దే, నువ్వూ ఆడపిల్లవే గదా చెప్తున్నా, నాకు తెలీకుండానే చీర తడిసిపోయింది. కోడలు చూడకముందే ఉతికి ఆరేసినా. ఏంది అత్తా అంటే నీళ్లు ఒలికినాయి అన్నా.

నేను కుంటేది చూసి మస్తాను, మీ మామయ్య, అప్పటికప్పుడు ఆటో పిలిచి నెల్లూరికి తీసకపోయినాడు. డాక్టరమ్మ చిన్నపిల్లే, నీ ఈడుకంటే కొంచెం పెద్ద. జ్వరమొస్తుందా, బరువు తగ్గినావా, యాడన్నా పడినావా, ఒకటొకటే అడిగింది. ఆఖర్న, "ఒంటికి, అదే మూత్రం, వచ్చేది తెలుస్తుందా అవ్వా?" అనింది. మస్తాను నా పక్కనే నిలబడుండాడు. "తెలుస్తుందమ్మా" అనేసినా. కాళ్లు లేపమంటే పళ్లు బిగబట్టి లేపినా. "వయసు నొప్పి. పడుకోబాకు, నడువు, కసరత్తులు చెప్తా" అని చీటీ రాసింది.

మస్తాను మొహం తేటపడింది. "పద మా, ఇంతే" అని తలుపు తీసినాడు. నేనూ లేచి గడప దాకా పోయినా. ఈ గడప దాటితే మళ్లీ ఎవురు అడుగుతారు నన్ను? తలుపు పట్టుకొని నిలబడిపోయినా.

"మస్తానూ, నువ్వు బయటికి పో."

"ఏంది మా, ఇంకేముండాది?"

"పో అన్నా గదా!"

వాడు పోయినాక చెప్పినా, చీర సంగతీ, తిమ్మిరి సంగతీ. ఆ పిల్ల చేతిలో పెన్ను కింద పెట్టేసింది. "ఎన్నాళ్లయింది?" "ఈ పొద్దే." నర్సును పిలిచి, మళ్లీ పడుకోబెట్టి, యాడ తెలుస్తుందో యాడ తెలీదో తాకి తాకి చూసింది. వెంటనే స్కానింగ్. ఎముకల మధ్య ఉండే మెత్తటిది జారి నరాల మీద కూర్చున్నిందంట. ఆలస్యం చేస్తే కాళ్లు పడిపోతాయి, ఆపరేషన్ ఈ రోజే అనింది.

మస్తాను కాయితం మీద సంతకం పెడతా ఏడ్చినాడమ్మా. అంత మగోడు. "నాకొక మాట చెప్పకూడదా మా?" అన్నాడు. కొడుక్కి ఎట్ట చెప్పేదిరా అన్నా. నన్ను లోపలికి తోసుకపోయేదాకా చెయ్యి వదల్లా.

కాళ్లు దక్కినాయి. ఒంటికి వచ్చే సంగతి తెలిసేదానికి మూడు నెలలు పట్టింది, ఇప్పటికీ పూర్తిగా రాలా, ఉన్నది చెప్తున్నా. పాత నొప్పి మాత్రం యాడికీ పోలా. అది ఉంటుంది అవ్వా, దాంతోనే తిరగాల అనింది డాక్టరమ్మ. పొద్దున్నే మంచం మీద మోకాళ్లు మడిచి కసరత్తు చేస్తా, కట్ట మీద కొంచెం దూరం నడుస్తా, నొస్తే వేన్నీళ్ల కాపడం. బిందె జోలికి పోను. ఆ మాత్రలూ మానేసినా.

నీకు తల్లీ, యాడ నొచ్చినా, అది ఎంత సిగ్గుపడే చోటైనా, నోరు తెరిచి చెప్పే ధైర్యం ఆ దేవుడియ్యాల. అడిగే మనిషి పక్కన ఉండాల. చల్లంగా ఉండు... నా ఆయుష్షు కూడా పోసుకొని...