వేడి సున్నా

హలో… ఆ, నేనే. మీ బావనే. ఈ ఇంట్లో ఫోన్ ఎత్తడానికి ఇంకెవరున్నారు?

… చూశాను. కోడ్ మారుస్తూ నువ్వు పంపిన ప్యాచ్ పొద్దున్నే చూశాను. వెనక్కి పంపేశాను కూడా.

… ఒక్క లైనే మార్చావు, నిజమే. విషం కూడా ఒక్క చుక్కే వేస్తారు.

… తెలుసు. సాయంత్రంతో గడువు అయిపోతుంది. నేను ఒప్పుకోక, మెషీన్‌ని నడిపే ఆ కెర్నెల్‌లోకి అది వెళ్లకపోతే నీ ఉద్యోగం ఊడుతుంది. నిన్న మీ ఆవిడ ఫోన్ చేసి చెప్పింది. ఏడ్చింది కూడా. విన్నాను.

… వార్నింగ్ పోయిందా? పోదూ మరి! "ఈ వేరియబుల్‌లో ఎవరూ ఏమీ పెట్టకుండానే వాడేస్తున్నారు" అని కోడ్‌లో తప్పులు పట్టే కంపైలర్ మొత్తుకుంటే, సున్నా పెట్టి దాని నోరు మూయించావు.

ఆ వేరియబుల్ ఏమిటో చూశావా?

… ప్రాసెసర్ వేడి. సెన్సర్ పలికితే అందులో అంకె పడుతుంది. పలక్కపోతే?

… ఆ. నీ సున్నా మిగులుతుంది. సున్నా డిగ్రీలు. అప్పుడు ఫ్యాన్ ఏం చేస్తుంది?

… చెప్పు, మొహమాటపడకు.

… ఆగిపోతుంది. చల్లగా ఉంది కదా, పాపం. మెషీన్ మాత్రం మాడి మసైపోతుంది. ఒక్క వార్నింగ్ లేకుండా.

… అందరూ అలాగే చేస్తారా? వాళ్లవీ వెనక్కే పంపుతాను. మా ఊరి బళ్లో లెక్క రాక పలక ఖాళీగా చూపిస్తే మాస్టారు ఒక దెబ్బ వేసేవారు. తోచిన అంకె వేసి చూపిస్తే నాలుగు.

… అక్క ఉంటేనా? ఆవిడ పేరు ఎత్తకు.

ఎత్తావుగా — విను అయితే. ఆ రోజు ఆస్పత్రి వరండాలో ఉన్నది నువ్వే. నేను సర్వర్ రూములో ఇరుక్కుపోయి ఫోన్ చేశాను. ఎలా ఉందిరా అంటే, "బాగానే ఉంది బావా, నిద్రపోతోంది" అన్నావు. లోపలికి వెళ్లి చూశావా?

… చూడలేదు. నేను వచ్చేసరికి మొహం మీద గుడ్డ కప్పేశారు.

… నేను కంగారుపడతానని అలా అన్నావా. ఓహో. ఈ సున్నా ఎందుకు, కంపైలర్ కంగారుపడుతుందనా?

… ముక్కు చీదుకుని రా. ఆగుతాను.

… అయిందా? ఇప్పుడు అడిగినదానికి చెప్పు. మీ కంపెనీ మెషీన్ బోర్డు మీద ఆ సెన్సర్ ఎప్పుడైనా పలక్కుండా పోయిందా?

… గట్టిగా చెప్పు.

… తెలీదు. ఆ. ఆ రోజు ఈ మాట అనుంటే నేను అప్పుడే బయల్దేరేవాణ్ని.

కోడ్‌లోనూ అదే రాయి. సెన్సర్ పలక్కపోతే అంకె ఇవ్వకు, ఎర్రర్ రిటర్న్ చెయ్యి. ఎర్రర్ వస్తే ఫ్యాన్‌ని ఫుల్ స్పీడులో తిరగమను. సెన్సర్ వైరు పీకి, తిరుగుతోందో లేదో కళ్లారా చూసి, అప్పుడు పంపు.

… సరిగ్గా ఉంటే తీసుకుంటాను. కోడ్‌ని. నిన్ను కాదు.

… ఇంటికొస్తావా? ఎందుకు? ప్యాచ్ మెయిల్లో వస్తుంది.

పెట్టేయ్.